ఒడిబియ్యం సేరు

ఆ సారు మీద నాకు అప్పుడూ మంటే, ఇప్పుడూ మంటే. కొన్నాళ్లు పోతే కోపాలు వాటంతట అవే చల్లారతాయని మా ఆయన అంటాడు. ఆయన కోపాలు చల్లారతాయేమో, ఆయనకు అసలు వస్తే కదా! ఇవాళ్టికీ దుకాణం ముందు తెల్ల కారు ఆగి, అందులోంచి ఇస్త్రీ చొక్కా, చంకలో ఫైలు దిగితే చాలు, నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. వచ్చినవాడు స్టీలు డబ్బాలు కొనడానికి వచ్చిన పెళ్లివారి మనిషే కావచ్చు. ముందు మంట, ఆ తర్వాతే మర్యాద.

సిద్దిపేట పాత బస్టాండుకు కొంచెం అవతల మా బోళ్ల దుకాణం. ముందు గదిలో స్టీలు, ఇత్తడి, రాగి సామాను అమ్మకం. వెనక రేకుల షెడ్డులో మా ఆయన సొట్టలు తీయడం, పగిలినవి అతకడం, కళాయి పెట్టడం. గల్లా దగ్గర నేను. ఆయనకు చేతులున్నాయి, నోరు లేదు. ఆ లోటు దేవుడు నాతో పూడ్చాడు. బేరమాడే ఆడవాళ్లు "గీమె ఉన్నప్పుడు రావద్దే" అని గొణుక్కుంటూ మెట్లు దిగడం నా చెవులతో విన్నాను. మళ్లీ వాళ్లే వస్తారు. నేను తిడతానే తప్ప పలచటి ఇత్తడిని మందపుదని చెప్పి అంటగట్టను.

మా పై అరలో ఎప్పుడూ మా ఆయన చేసిన ఇత్తడి సేర్లు కొన్ని ఉండేవి. సేరంటే చేతి పట్టుకు సరిపోయే నిలువాటి కొలత గిన్నె. ఈ రోజుల్లో సేరుతో బియ్యం అమ్మేవాడూ లేడు, కొనేవాడూ లేడు, అన్నీ ప్యాకెట్లే. మరి సేర్లు ఎవరికంటే, ఒడిబియ్యానికి. పెళ్లయిన ఆడపిల్లను పుట్టింటికి పిలిచి, పీట మీద కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం ఒడిలో పోసి పంపుతాం మా వైపు. ఆ బియ్యం సేరుతోనే కొలవాలి. అయిదు సేర్లు, ఆ పైన ఇంకొంచెం. పిల్ల అత్తగారింటికి వెళ్లాక ఆ బియ్యం వండి నలుగురినీ పిలిచి పెడుతుంది. పుట్టింటివాళ్ల మనసు ఎంతదో ఆ అన్నంలో తెలిసిపోతుందని అందరి లెక్క. కిలోల్లో తూచి పోస్తే రేషన్ ఇచ్చినట్టుంటుందని ముసలివాళ్లు మూతి తిప్పుకుంటారు.

మొన్నటి మాఘమాసంలో ఒక మంగళవారం చింతమడక నుంచి ఒక అవ్వ ఆటో దిగి వచ్చింది. కొంగులో చుట్టి తెచ్చిన సేరును గల్లా బల్ల మీద పెట్టి, దాని మీది నుంచి చెయ్యి తీయకుండానే మాట్లాడింది. పాత కాలపు బరువైన ఇత్తడి. అంచు ఒకచోట పగిలి, ఆ కొన బయటికి వంగి బ్లేడులా ఉంది.

"గీ పగులు అతకాలె బిడ్డా. ఐతారం ఒడిబియ్యం ఉన్నయి. ముట్టుకుంటే కోసుకపోతాంది" అంది.

"ఐతారమా? ఇయ్యాల మంగళారం. ముందుగాల యాదికి రాలేదా?" అన్నాను. నా నోరంతే.

అవ్వ నాకు తగిన మనిషే. "ముందుగాల నా బిడ్డ వస్తనన్లేదు గదనే" అంది.

అలా మొదలై మొత్తం చెప్పింది. ఆమెకు ఒక్కతే కూతురు, రాయపోల్‌లో ఇచ్చారు. కొన్నేళ్ల కిందట ఆ పిల్లకు ఒడిబియ్యం పోసేటప్పుడు, ఈ సేరు అంచు వేలికి కోసుకుందని అవ్వ కోడలు దీన్ని పక్కన పెట్టి లీటరు నూనె డబ్బాతో కొలిచింది. కోడలికి అందులో తప్పేమీ తోచలేదు. డబ్బాను శుభ్రంగా కడిగి, తుడిచి, బొట్టు కూడా పెట్టిందట! ఆ సంగతి ఎవరు చేరవేశారో తెలియదు గానీ, రాయపోల్‌లో ఆ బియ్యం వండి పెట్టిన రోజు చుట్టాలందరి ముందు ఆ పిల్ల అత్త అడిగేసింది, "మీ అవ్వగారింట్ల సేరుకు గూడ గతిలేదా? నూనె డబ్బతోని పోసిన్రట?" అని. అన్నం కూడా తక్కువపడిందో, పడిందని అనుకున్నారో. ఆ పిల్ల తల ఎత్తుకోలేక తల్లికి ఫోన్ చేసి, "నేను మీకు గంత అల్కగ కనవడ్డనా" అని పెట్టేసింది. ఆ తర్వాత బతుకమ్మకు రాలేదు, బోనాలకు రాలేదు, మేనల్లుడి పుట్టువెంట్రుకలకు కూడా రాలేదు. తల్లి ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఇన్నేళ్లకు ఎవరో పెద్దమనిషి రెండు వైపులా తిరిగితే ఒక్క మాట చెప్పి పంపింది. వస్తానంది. ఇంటి సేరుతోనే పోయాలంది. అత్త కూడా వెంట వచ్చి చూస్తుందంది.

"మా అవ్వ నాకు గీ సేరుతోనే పోసింది. నేను నా బిడ్డకు గీ సేరుతోనే పొయ్యాలె. గింతే నా పంచాది" అని అవ్వ అప్పుడు సేరు మీది నుంచి చెయ్యి తీసింది. శనివారం పొద్దున వచ్చి తీసుకుపొమ్మన్నాను.

బుధవారం సారు వచ్చాడు. తూకాలూ కొలతలూ చూసే ఆఫీసు మనిషి. మేం ఇత్తడిని తూకానికి అమ్ముతాం కాబట్టి మా కాంటాకు ఏటేటా ముద్ర వేయించాలి, వేయిస్తాం. ఆ కాగితానికి పటం కట్టించి లక్ష్మీదేవి పక్కనే తగిలించాను, వచ్చినవాడికి వెతుక్కునే పని లేకుండా. సారు దాన్ని చూశాడు, తల ఊపాడు. పోయుంటే బాగుండేది. పోతూ పోతూ పై అర వైపు చూశాడు.

"అవేంది మేడం?"

"సేర్లు."

"సేరు అనేది ఇప్పుడు లేదు మేడం."

"లేకుంటే గాడ కనవడేటియి ఏంది సార్, లోటలా?"

సారు నవ్వలేదు. ఫైలులోంచి కాగితం తీసి ఇచ్చాడు. వ్యాపారులు పాటించవలసినవన్నీ అందులో ఉన్నాయట. నేను ఇంటర్ దాకా చదివినదాన్ని, అదీ తెలుగు మీడియంలో. ఆ కాగితమూ తెలుగే. అయినా ఒక్కో వాక్యం చివరికి చేరేసరికి మొదలేమిటో మరిచిపోతున్నాను. మా ఆయన చేతులతో పుట్టిన గిన్నెకు అందులో 'ప్రామాణికేతర కొలపాత్ర' అని పేరు. అమ్మకూడదు, దుకాణంలో ఉంచకూడదు, బాగుచేయకూడదు. ఎవరి తలకాయలో పుట్టిన తెలుగో అది. వాళ్లింట్లో అన్నం పెట్టమనడానికి ఏమంటారో.

సారు సేర్లను ఒక్కొక్కటే దించి బల్ల మీద నిలబెట్టి ఫోన్‌లో ఫొటోలు తీశాడు, పెళ్లిచూపుల్లో పిల్లలను చూసినట్టు అటూ ఇటూ తిప్పి. అంతటితో ఆగక వెనక షెడ్డులోకి వెళ్లాడు. అక్కడ అవ్వ సేరు మా ఆయన ఒళ్లో ఉంది. పగులు అంచును అప్పుడే సాపు చేయబోతున్నాడు. సారు చెయ్యి చాపాడో లేదో, మా మహానుభావుడు దాన్ని తుడిచి మరీ అందించాడు. ఆ తుడవడం ఇప్పటికీ గుర్తొస్తే నాకు పళ్లు నూరాలనిపిస్తుంది.

"గది అమ్మేది గాదు సార్. చింతమడక అవ్వది. అతకనీకి ఇచ్చింది" అన్నాను.

"మరమ్మతుకు లైసెన్స్ ఉన్నదా మేడం?"

"పగులు అతకనీకి లైసెన్సా?"

"గిన్నెకైతే అక్కర్లేదు. కొలతకైతే కావాలె."

"గది గిన్నె అనుకోండ్రి."

"నేననుకుంటే అయితదా మేడం? రూల్ అనుకోవాలె."

కొలతల్లో మోసం లేదని నేననను. అడుగు లోపలికి నొక్కిన మానికలు, అడుగు మీద ఇంకో దొంగ అడుగున్న సోలలు పాత సామాను కింద మా దుకాణానికి ఎన్ని రాలేదు! వాటితో కొలిచినవాడు బతికున్నన్నాళ్లూ రైతు నోట్లో మట్టే కొట్టి ఉంటాడు. అలాంటివాడిని పట్టుకోవడానికే రూలు పుట్టిందని నాకూ తెలుసు. కానీ ఆ రూలు అలాంటివాడి గుమ్మం ముందు చెప్పులు విడిచి, మా గుమ్మంలో చెప్పులతో నడిచి వస్తుంది. అదీ నా కడుపుమంట.

"సార్, ఐతారం ఒడిబియ్యం ఉన్నయి. ముసలామె బిడ్డ ఏండ్లకేండ్లు అయినంక వస్తుంది. గది లేకుంటే రాదు" అన్నాను. నా గొంతులో బతిమాలడం నాకే వినబడి ఒళ్లు మండింది.

"రూల్ల ఒడిబియ్యం అని లేదు మేడం."

"మీ ఇంట్ల ఆడివిల్లలకు ఏంటితోని కొలుస్తరు సార్?"

ఆయన ఫైలు మూసి సంచి అడిగాడు. ఆయన మాట తీరు వింటే మా జిల్లావాడే. ఇంట్లో పసుపు పూసిన సేరు ఒకటి ఉండే ఉంటుంది. అన్నిటినీ ప్లాస్టిక్ సంచిలో వేసి కారు డిక్కీలో పెట్టించాడు. అవి లోపల ఒకదానికొకటి తగిలి మోగాయి.

కారు మలుపు తిరిగాక మా ఆయనను పట్టుకున్నాను. "తుడిచి ఇచ్చినవ్ గదా, బొట్టు గూడ పెట్టి ఇయ్యకపోతివి!" అన్నాను. ఆయన సుత్తి తీసుకుని ఏదో డేగిసా సొట్ట కొట్టుకుంటూ కూర్చున్నాడు. ఆ చప్పుడులో నా తిట్లు సగం ఆయన చెవిన పడలేదు.

గురువారం అవ్వ ఒడిలో పెట్టే ఎండుకొబ్బరి కుడుకలూ పసుపు కొమ్ములూ కొనడానికి పట్నం వచ్చి, సేరు అయిందేమో చూద్దామని తొంగిచూసింది. ఖాళీగా ఉన్న పై అరను చూసింది, నా మొహం చూసింది. దాచి లాభం లేదని చెప్పేశాను. అవ్వ అరవలేదు. మెట్టు మీద కూర్చుంది.

"నా సేరు నాకియ్యి బిడ్డా" అంది.

"నా తాన లేదవ్వా. సారు తీసుకపోయిండు."

"నేను సారుకియ్యలే. నీకిచ్చిన. నా సేరు నాకియ్యి."

అంతే, ఇంకో మాట లేదు. వచ్చిన గిరాకీ ఆమెను దాటుకుని లోపలికి వస్తున్నారు, దాటుకుని పోతున్నారు. ఎవరైనా నన్ను తిడితే నేను రెండు తిట్టి చేతులు దులుపుకుంటాను. ఈ అవ్వ తిట్టదు, లేవదు. నాకు సిగ్గూ కోపమూ కలిసి ముంచుకొచ్చాయి. దుకాణం మా ఆయన మీద వదిలేసి ఆటో ఎక్కాను.

ఆఫీసులో సారు లేడు. వస్తాడన్నారు. గోడకు వినియోగదారుడే రాజని రాసి ఉంది. రాజులు చాలామందే బెంచీల మీద కునికిపాట్లు పడుతున్నారు. మధ్యాహ్నం దాటాక సారు వచ్చి, నన్ను చూసి, పాపం, కూర్చోమన్నాడు. మర్యాదకేం తక్కువ లేదు. తిట్టినా బాగుండేది, తిరిగి తిట్టేదాన్ని. అవ్వ సేరు సంగతి ఎత్తితే, కొలిచి చూపిస్తానని ముద్ర ఉన్న లీటరు పాత్ర తెప్పించాడు. దాని నిండా నీళ్లు పట్టి అవ్వ సేరులో పోశాడు. నీళ్లు పైదాకా రాలేదు, పగులు కిందే ఆగాయి.

"చూసిన్రా మేడం, లీటర్ పోసినా నిండలే."

"అంటే లీటర్ కన్న ఎక్కువనే పడుతుంది గద సార్. తల్లి తన బిడ్డకు జెర ఎక్కువ పోస్తే ఎవలికి నష్టం?"

"తక్కువైనా తప్పే, ఎక్కువైనా తప్పే మేడం. కొలత అన్నంక కొలత ఉండాలె."

నేను మా పుట్టింట్లో నాకు పోసిన ఒడిబియ్యం ముచ్చట, అవ్వ ముచ్చట, రాయపోల్ అత్త ముచ్చట అన్నీ చెప్పాను. సారు ఓపిగ్గా విన్నాడు. విని, దుకాణంలో పట్టుకున్నవి సర్కారుకే పోతాయన్నాడు, నాకు జరిమానా అన్నాడు. అవ్వదానికి మాత్రం ఒక దారి ఉందన్నాడు. లీటరుకు సరిగ్గా చేయించుకొస్తే పరీక్షించి ముద్ర వేసి వాపసిస్తారట. పక్క బల్ల మీది క్లర్కు కూడా తెలివిగా అందుకున్నాడు. "అంచు ఎట్లనూ పగిలింది గదక్కా. గా పగులు కాడికి కోసేయిస్తే సరిగ్గ లీటర్ అయితది. పగులు పోతది, ముద్ర వస్తది, ఒక్క దెబ్బకు రెండు పనులు."

ఇంటికొచ్చి చెబితే మా ఆయన మొహం వెలిగింది. కోయడం గంట పని కూడా కాదన్నాడు. ఆ క్షణంలో నాకూ సరే అనిపించింది. కానీ సేరు నాది కాదు కదా. అవ్వకు ఫోన్ చేసి, లీటరు చేసిస్తే ఇస్తారట, చేయించమంటావా అని అడిగాను.

 అవతల కోళ్ల అరుపు వినబడింది.

"లీటరా?" అంది అవ్వ. "గా లీటర్‌కే గదా బిడ్డా, నా పిల్ల నాకు లేకుంట అయింది."

ఆ మాటతో నా తలకాయలో ఉన్న తెలివితేటలన్నీ దిగిపోయాయి. నూనె డబ్బాకు బొట్టు పెట్టిన కోడలికీ, సేరుకు ముద్ర పెట్టిస్తానన్న నాకూ తేడా ఏముంది?

శుక్రవారం మళ్లీ వెళ్లాను. ఈసారి బెంచీ మీద కూర్చోలేదు, సారు బల్ల ముందే నిలబడ్డాను. కోయనన్నాను. ముద్ర వద్దన్నాను. ఆ సేరు దొరికేదాకా ఇక్కడే ఉంటానని, మా ఆయన వండిన అన్నం టిఫిన్‌లో తెచ్చుకున్నానని చెప్పాను. అది నిజమే. వచ్చేపోయేవాళ్లు ఆగి చూడడం మొదలుపెట్టారు. సారు కాసేపు చెమట తుడుచుకున్నాడు, లోపలికి వెళ్లి పెద్దసారుతో మాట్లాడాడు, నవ్వుతూ వచ్చాడు. ఆ నవ్వు చూసినప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

"మీ కోసం ఒక తొవ్వ తీసినం మేడం. కొలతగ పనికిరాకుంట చేసి, ఉత్త గిన్నె అని వాపసు ఇస్తం. అప్పుడు రూలుకు ఇబ్బంది లేదు, మీకు ఇబ్బంది లేదు."

"పనికిరాకుంట చేసుడంటే?"

చెప్పలేదు, చేసి చూపించాడు. అటెండరు డ్రిల్లింగ్ మిషన్ తెచ్చాడు. సేరును బోర్లించి, కాలితో తొక్కిపట్టి, అడుగున మధ్యలో పెట్టి తిప్పాడు. పచ్చటి ఇత్తడి పొట్టు చుట్టలు చుట్టలుగా లేచి నేల మీద పడింది. అది కీచుమని అరుస్తుంటే ఆఫీసులో ఒక్కరూ తల ఎత్తలేదు. నేను వద్దనాలి. అరవాలి. నాకు నోరు రాలేదు, నాకు! బొటనవేలు దూరేంత చిల్లు పడ్డాక మిషన్ ఆగింది. సారు ఆ చిల్లులోంచి కిటికీ వైపు చూసి, బాగానే పడిందన్నట్టు తల ఊపాడు.

ఆ తర్వాత ఒక కాగితం మీద సంతకం పెట్టమన్నాడు. ఆ చిల్లు పూడ్చనని, పూడ్పించనని నేను హామీ ఇవ్వాలి. పూడ్చితే అది మళ్లీ కొలత అవుతుంది, నా మీద కేసు అవుతుంది. అంచు పగులు మాత్రం అతుక్కోవచ్చట, గిన్నె అంచుకు లైసెన్స్ అక్కర్లేదు కాబట్టి. మా కాంటా ముద్ర ఏటేటా ఆ చేతుల్లోనే ఉంది, దుకాణం తలుపు తెరుచుకోవాలంటే ఆ చేతులే కావాలి. పెట్టాను సంతకం. పక్కనే జరిమానా రసీదు కూడా పెట్టి ఇచ్చాడు.

"ఇగ తీసుకపోండి మేడం, ఏం ఫికర్ లేదు" అన్నాడు సారు. ఆ మాట నిజంగా మంచి మనసుతోనే అన్నాడు. చెడ్డవాడైతే ఏదో ఒక రోజు క్షమించేదాన్నేమో. చేసిన పనికి సంతోషపడ్డాడు చూడండి, అది మాత్రం క్షమించలేను.

మా ఆయన అంచును నునుపుగా అతికాడు. చిల్లు వైపు చూసి, నా వైపు చూశాడు. "పూడ్చు" అన్నాను. "సంతకం పెట్టినవ్ గదనే" అన్నాడు. ఆయన మాటకు నాకు ఎదురు దొరకని రోజు అదొక్కటే. అవ్వకు ఫోన్‌లో చెప్పే ధైర్యం రాలేదు. శనివారం ఆమెను రావద్దని, నేనే తెస్తానని మాత్రం చెప్పాను.

ఆదివారం పొద్దున్నే ఆటోలో చింతమడక వెళ్లాను. వాకిట్లో పీట వేసి ఉంది. పసుపు బియ్యం పెద్ద తాంబాళంలో కుప్పగా పోసి, పక్కన కుడుకలు, కొమ్ములు, కొత్త రవిక గుడ్డ పెట్టారు. అవ్వ సేరును రెండు చేతులతో అందుకుని అంచు తడిమి సంతోషించింది. తిరగేసి చూసింది. చిల్లులోంచి ఆమె కన్ను నాకు కనబడింది.

"గీ బొక్క ఏంది బిడ్డా?"

చెప్పాను. ఎంత మెల్లగా చెప్పాలనుకున్నా నా మాటలు తిట్లలాగే వచ్చాయి.

"గింత బొక్క పొడిచేతందుకు గంత చదువు చదివిన్రా!" అంది అవ్వ. దానికి పసుపు పూసి బొట్టు పెట్టింది.

కూతురు వచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయేమో, తల్లి పోలికే, మొహం బిగించుకుని ఉంది. వెంట అత్త. ఆమెకు ప్లాస్టిక్ కుర్చీ వేస్తే, తాంబాళం బాగా కనబడేలా జరుపుకుని కూర్చుంది. కూతురు వదినను పలకరించింది, నన్ను చూసి తల ఊపింది, తల్లితో మాత్రం మాట్లాడలేదు. పీట మీద కూర్చుని ఒడి పట్టింది, చూపు నేల మీద పెట్టుకుని.

అవ్వ సేరును బియ్యంలో ముంచి ఎత్తింది. చిల్లులోంచి బియ్యం ధారగా కారి తాంబాళంలో, నేల మీద పడింది. అవ్వ గబగబా అరచెయ్యి అడ్డం పెట్టింది. బరువు ఒక్క చేతికి ఆగక సేరు ఒరిగింది, ఇంకొంచెం పోయింది. మళ్లీ ముంచింది. మళ్లీ అదే. పసుపు గింజలు ఆమె పాదాల చుట్టూ చేరాయి.

"సేరుకేమైంది?" అంది కుర్చీలోంచి అత్త.

నేను సారు సంగతి మొదలుపెట్టాను, రూలు సంగతి, మిషన్ సంగతి. ఎవరూ వినడం లేదు. కోడలు అవ్వ పక్కకు వచ్చి, గుసగుసగా, నిజంగా సాయం చేద్దామనే, "డబ్బ తేవాల్నా అత్తా?" అంది. ఆ అమ్మాయిని అక్కడే రెండు పీకాలనిపించింది. అవ్వ ఆ మాట విని సేరును గుండెకు హత్తుకుని నిలబడిపోయింది. సేరు అడుగు నుంచి మిగిలిన బియ్యం ఆమె కొంగు మీదుగా జారిపోతున్నాయి. కూతురు ఆ జారే బియ్యాన్ని చూస్తోంది. ఇక లేచి వెళ్లిపోతుందనుకున్నాను. ఆటోవాణ్ణి ఉండమనాలా, పొమ్మనాలా అని కూడా ఆలోచించాను.

ఆ పిల్ల లేవలేదు. ఒక చేత్తో ఒడి పట్టుకుని, ముందుకు వంగి, రెండో చేత్తో తల్లి చేతుల్లోని సేరును కిందికి లాగింది. బొటనవేలు అడుగు నుంచి చిల్లులోకి దూర్చి బిగించింది.

"ఊ, ముంచవ్వా" అంది.

ఇద్దరూ కలిసి ముంచారు, ఇద్దరూ కలిసి ఎత్తారు. ఒక్క గింజ జారలేదు. అంచు మీద కుప్పగా శిగ ఎత్తి నిండిన సేరు ఒడిలోకి ఒంపేదాకా ఆ పిల్ల వేలు తీయలేదు. అవ్వ ఏడుస్తూనే మళ్లీ ముంచింది. అత్త కుర్చీలోంచి ప్రతి సేరుకూ పైకి వినబడేలా లెక్కపెట్టింది, ఎక్కడా తక్కువ పడలేదు. నేను గోడకు ఆనుకుని నిలబడి, ఆ సారు ఇప్పుడు వస్తే బాగుండును, తెల్ల కారు దిగి ఈ వాకిట్లోకి ఒక్కసారి వస్తే బాగుండునని కోరుకున్నాను. ఆ చిల్లు పూడ్చనని రాసిచ్చింది నేను. ఆ పిల్ల ఎవరికీ ఏమీ రాసివ్వలేదు.